రబ్బరు కప్పు కొలతలు

3, మంగళవారం

టీచరమ్మ బండి ఈ రోజు వెళ్లిపోయింది. ఐదు రోజుల పని. నాలుగు చక్రాల బ్రేకు సిలిండర్లూ ఊడదీసి, లోపలి తుప్పు గీకి, మెరుగు పెట్టి, ఆయిలు కారకుండా ఆపే కొత్త రబ్బరు కప్పులు వేశాను. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండరూ విప్పి అలాగే చేశాను. లైనింగులు కొత్తవి, గొట్టాలు కొత్తవి, పాత ఆయిలంతా తీసేసి కొత్తది నింపాను. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది ఆ బండి. ఇప్పుడు బొటనవేలితో తొక్కినా ఆగుతుంది. నేను చేసిన బ్రేకు గురించి ఇంతవరకు ఎవరూ మాట అనలేదు, అనబోరు.

తీసుకెళ్లడానికి టీచరమ్మతోపాటు తమ్ముడు వచ్చాడు. మూడేళ్లుగా వాడు టీచరమ్మకు డ్రైవరు. గేటు బయటే నిలబడి తాళాలకోసం చెయ్యి చాపాడు. నేను ఇచ్చాను. మాటల్లేవు. మూడేళ్ల కిందట నా షెడ్డులో పనిచేస్తూ హ్యాండ్‌బ్రేకు తీగకు పెట్టాల్సిన చిన్న పిన్ను మర్చిపోయాడు. బండి దొర్లుకుంటూ పోయి ఎదురింటి గేటును గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా నలుగురి ముందూ అనేశాను, "పిన్ను మర్చిపోయేవాడు ఏదో ఒకరోజు ప్రాణం తీస్తాడు, ఇంక నాకు కనిపించకు" అని. తప్పేం అన్నాను? వంటలో ఉప్పు మర్చిపోతే సర్దుకుపోవచ్చు. బ్రేకుల పనిలో సర్దుకుపోవడాలుండవు.

టీచరమ్మ మా ఇద్దరికీ బళ్లో లెక్కలు చెప్పిన మనిషి. పోతూపోతూ కిటికీలోంచి తల బయటపెట్టి, "బ్రేకులు నీవి, డ్రైవింగు వాడిది. నా ప్రాణం మీ ఇద్దరి మధ్యా పెట్టి కొండెక్కుతున్నాను. మీ కొట్లాటలో దాన్ని లాగకండి" అన్నారు. కొండ మీద ఆవిడ అక్కగారి ఇల్లుంది. పదిరోజులుండి, పద్నాలుగున దిగుతారట.

5, గురువారం

అన్నం వడ్డిస్తూ మా ఆవిడ అంది, "మీ తమ్ముడు తెగ పొగుడుతున్నాడట. తొక్కీ తొక్కగానే పట్టేస్తున్నాయట బ్రేకులు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో ఒకరు చెప్పార్లెండి."

తోడికోడళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను. మూడేళ్ల తర్వాత వాడి నోట నా గురించి ఒక మంచి మాట.

6, శుక్రవారం

రాయాలా వద్దా అని ఇంతసేపు ఆలోచించాను.

పొద్దున జాకీ లేవలేదు. ఆయిలు తగ్గింది. మిగిలిన జాకీ ఆయిలు ఎక్కడ పెట్టానా అని వెతికితే గుర్తొచ్చింది. పోయిన నెల జాకీ ఆయిలు డబ్బాకు అడుగున చిల్లు పడితే, ఉన్నదంతా ఖాళీ బ్రేక్ ఆయిలు డబ్బాలోకి ఒంపాను. మా షెడ్డులో ఏ డబ్బానీ పారేయం. నాకు పని నేర్పిన గురువుగారి నాటినుంచీ అదే పద్ధతి. కాగితం మీద పేరు రాసి అంటించాలనుకున్నాను. చేతులకు జిడ్డు. తర్వాత రాద్దాంలే అనుకున్నాను.

అల్మారాలో బ్రేక్ ఆయిలు డబ్బా ఒక్కటే ఉంది. సగం ఖాళీగా ఉంది. టీచరమ్మ బండికి ఆయిలు నింపింది ఆ అల్మారాలోంచి తీసిన డబ్బాతోనే.

రెండు డబ్బాలుండేవి. నాకు బాగా గుర్తు. ఒకటి అసలుది, ఒకటి జాకీది. అసలుదే వాడి ఉంటాను. ముప్ఫయ్యేళ్లుగా చేస్తున్న పని.

రెండు ఆయిళ్లూ చూడ్డానికి ఒకటే రంగు. జాకీలోది ఇంజను ఆయిలు జాతిది. బ్రేకుల్లో ఉండే రబ్బరు కప్పులకు మాత్రం బ్రేక్ ఆయిలే పడుతుంది. వేరేది తగిలితే రబ్బరు దాన్ని తాగుతుంది, తాగి ఉబ్బుతుంది. ఉబ్బిన కొత్తలో బ్రేకు గట్టిగా, తొందరగా పట్టేస్తుంది. ఆ తర్వాత పట్టింది వదలదు. చక్రంలోని బ్రేకు డ్రమ్ము కాలిపోతుంది. చివరికి కప్పు చిరిగి, ఆయిలు కారిపోయి, పెడల్ నేలదాకా పోతుంది.

తొక్కీ తొక్కగానే పట్టేస్తున్నాయట.

7, శనివారం

తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. గ్లాసు నీళ్లలో ఒక్క చుక్క వేయాలి. బ్రేక్ ఆయిలైతే నీళ్లలో కలిసిపోతుంది. జాకీ ఆయిలైతే పైన తేలుతుంది. నిమిషం పని. కానీ అది మోటు పరీక్ష. పనివాడన్నవాడు రబ్బరుతోనే పరీక్షించాలి.

టీచరమ్మ బండి కోసం తెచ్చిన వాటిలో ఒక కప్పు మిగిలింది. దాన్ని గాజు సీసాలో వేసి, ఆ డబ్బాలోని ఆయిలు పోసి, కిటికీలో పెట్టాను. పొద్దున తొమ్మిదింటికి 19.0 మిల్లీమీటర్లు. సాయంత్రం ఆరింటికి 19.2. కొలిచే పనిముట్టు పాతది, ఆ మాత్రం తేడా దానిదే.

8, ఆదివారం

19.7.

సీసా ఎండలో ఉంది. ఎండకు ఏదైనా పెరుగుతుంది. నీడలోకి మార్చాను.

పెరట్లో మా ఆవిడ పాత డబ్బాల్లో మొక్కలు పెంచుతుంది. అసలు ఆయిలున్న రెండో డబ్బా ఖాళీ అయ్యాక ఆవిడే పట్టుకుపోయి ఉంటుందని తట్టింది. ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. పుదీనా, మందారం, బంతి, ఒక్కొక్కటీ ఎత్తి వెనక్కి తిప్పి చూశాను. అన్నీ రంగు డబ్బాలే. ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఎన్నడూ లేనిది మొక్కల మీద ఇంత ప్రేమేమిటో!" అంది. పురుగు పట్టిందేమో చూస్తున్నానన్నాను.

9, సోమవారం

20.4.

గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని, పక్కన డబ్బా పెట్టుకుని, బల్ల ముందు కూర్చున్నాను. పదినిమిషాలు కూర్చుని ఉంటాను. దాహం వేసింది. నీళ్లు తాగేశాను.

10, మంగళవారం

21.0.

బండి కొండ మీద, ఇంటి ముందు నిలబడి ఉంటుంది. పద్నాలుగు దాకా దాన్ని కదిపే పని లేదు. అంటే ఇంకా నాలుగు రోజులున్నాయి. ఈలోగా ఖాయంగా తేల్చుకుని, పదమూడున ఫోన్ చేస్తాను. ఖాయం కాకుండా చెబితే ఊరికే కంగారు పెట్టినట్టవుతుంది.

ఎలా చెప్పాలో కూడా అనుకుని చూశాను. "ఒరే, ఆ బండి ఆయిల్లో కాస్త అనుమానంగా ఉంది." బాగుంది. అనుమానం అంటే చాలు. "కంపెనీవాళ్లు కల్తీ సరుకు పంపినట్టున్నారు." ఇదింకా బాగుంది. రాసి చదువుకున్నాక సిగ్గేసింది. కొట్టేయడం లేదు, ఉండనీ.

మధ్యాహ్నం వీధిలో పోతున్న సైకిలు షాపతను మామూలుగా "బ్రేకులెలా ఉన్నాయి గురూ?" అన్నాడు. చేతిలోని స్పానరు జారి కాలి మీద పడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది.

భయంగా ఉంది. వాడి గురించి భయమా, వాడి ముందు నిలబడాలని భయమా అని నన్ను నేను అడుక్కున్నాను. జవాబు రాయను.

11, బుధవారం

21.8. సిలిండర్లో పెట్టి చూశాను. దూరదు. గుమ్మంలో ఇరుక్కున్న లావుపాటి మనిషిలా అంచు దగ్గరే ఆగిపోయింది. ఇంక ఎండా లేదు, నీడా లేదు. డబ్బాలో ఉన్నది జాకీ ఆయిలు. అల్మారాలో ఉన్న డబ్బా అదొక్కటే. రెండోది ఉండి ఉంటే ఖాళీ డబ్బా అయినా మిగిలేది. మా షెడ్డులో ఏ డబ్బానీ పారేయం.

మా ఆవిడ టీ తెచ్చి, సీసాలోకి తొంగి చూసింది. "ఏమిటిది? పసిబిడ్డకి పాలుపట్టి బరువు చూసినట్టు ఐదురోజులుగా ఈ రబ్బరు ముక్కని కొలుస్తున్నారు?"

చెప్పేశాను. నిలబడే చెప్పాను. డబ్బా దగ్గర మొదలుపెట్టి, నీళ్లు తాగేసిన దాకా.

ఆవిడ మొహంలో రక్తం లేదు. టీ గ్లాసు కింద పెట్టి, "ఆ బండిలో ఎవరెవరున్నారో తెలుసా మీకు?" అంది.

"టీచరమ్మ, తమ్ముడు."

"మీ మరదలు కూడా ఉంది. కొండగాలి మంచిదని టీచరమ్మే వెంటబెట్టుకెళ్లారు. అది ఒట్టి మనిషి కూడా కాదు, నాలుగో నెల. మీకు చెప్పే మాటలా మనింట్లో? వాళ్ల పేరెత్తితే కంచం తోసేసి లేచిపోతారుగా మీరు!"

కూర్చుండిపోయాను.

"దానికి ఒంట్లో బాగుండటం లేదని ముందే వచ్చేస్తున్నారు. రేపు పొద్దున దిగుతున్నారు" అంది.

ఫోన్ చేశాను. నా నంబరు చూసి వాడు కట్ చేశాడు. మళ్లీ చేశాను, మళ్లీ కట్. మా ఆవిడ ఫోన్‌తో వాడికీ, మరదలికీ చేస్తే, ఆ కొండమీద ఎప్పటిలాగే సిగ్నల్ పోయి అందడం లేదంది. టీచరమ్మ ఇంటికి చేస్తే ఖాళీ ఇంట్లో మోగింది. అక్కగారింటి నంబరు ఎవరి దగ్గరా లేదు. "బండి కదపొద్దు, బ్రేకులు పోతాయి, తప్పు నాదే" అని మెసేజి పెట్టాను. ఆ నాలుగు ముక్కలు కొట్టడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం శుక్రవారం కూడా ఉంది నా దగ్గర.

వాడు చూశాడో లేదో తెలియదు. తెల్లవారగానే కొండ మీదికి మొదటి బస్సు. కొత్త కప్పుల సెట్లు నాలుగు చక్రాలకీ, మాస్టర్‌కీ, గొట్టాలు, స్పిరిటు, సీలు తీయని బ్రేక్ ఆయిలు డబ్బాలు రెండు సర్దాను. మా ఆవిడ సంచి మూతి బిగించి కట్టింది.

12, గురువారం, బస్సులో

కొండ మొదలైంది. ఎదురుగా వచ్చే ప్రతి బండినీ చూస్తున్నాను.

ఆరో మలుపు. లేదు.

పదకొండో మలుపు దగ్గర రోడ్డు పక్క గోడ విరిగి ఉంది. లేచి నిలబడ్డాను. కండక్టరు "కూర్చోండి సార్, అది పడిపోయి రెండేళ్లయింది" అన్నాడు. కూర్చున్నాను. రాత కుదరడం లేదు.

ఎదురుగా తెల్ల బండి. అది కాదు.

దేవుడా, వాళ్లు ఇంకా బయల్దేరకుండా చూడు. నాకేమైనా పర్వాలేదు. ఇలాంటి మాట అనడం తేలికే, నాకేం అవుతుంది? బస్సులో కూర్చుని ఉన్నాను.

12, సాయంత్రం

బతికే ఉన్నారు. ముగ్గురూ బతికే ఉన్నారు. ముందు ఇది రాయాలి.

బండి ఇంటి ముందే ఉంది. మూడు చక్రాల కింద రాళ్లు పెట్టి ఉన్నాయి. ముందు చక్రం ఒకటి ఊడదీసి గోడకు ఆనించి ఉంది. తమ్ముడు మెట్ల మీద కూర్చున్నాడు. వాడి పక్కన గ్లాసులో నీళ్లు. నీళ్ల మీద ఆయిలు పసుపు చుక్కలా తేలుతోంది. నేను ఐదురోజులు చేయని పరీక్ష వాడు నిన్న సాయంత్రం నిమిషంలో చేసేశాడు. పొద్దున్నే దిగాలి కదా అని బండిని ఒకసారి ముందుకు తోసి చూశాడట, కదల్లేదట. గేరు తీసినా కదల్లేదట. బ్రేక్ ఆయిలు పోసే గిన్నె మూత తీసి చూస్తే లోపలి రబ్బరు ఉబ్బి ఉందట. నా మెసేజి వాడికి అందనే లేదు.

సంచి కింద పెట్టాను. దారి పొడుగునా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"జాకీ ఆయిలు పోశాను. నాదే తప్పు" అన్నాను.

"తెలుసు" అన్నాడు. తల ఎత్తలేదు. "నీకెప్పుడు తెలిసింది?"

నిన్ననే అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అని ఉంటే వాడు నమ్మేవాడు కూడా.

"శుక్రవారం."

"ఇవాళ గురువారం."

"అవును."

వాడు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "సోమవారం మా ఆవిడకి వాంతులు ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. పది మలుపులు కిందికి, పది మలుపులు పైకి. తిరిగొచ్చేటప్పుడు కాలిన వాసన వచ్చింది. కొత్త లైనింగులు కదా, అరిగేదాకా అంతేలే అనుకున్నాను. నువ్వు చేసిన బ్రేకులని అనుమానించలేదు."

సోమవారం. ఆ రోజే నేను నీళ్లు తాగేశాను.

వాడు లేచి కుళాయి దగ్గరికెళ్లి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

టీచరమ్మ బయటికొస్తే ఆవిడకీ చెప్పాను, రోజులతో సహా. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "లెక్క తప్పితే ఒక మార్కు తీసేదాన్ని. తప్పని తెలిసీ దిద్దకుండా కాగితం ఇచ్చినవాడికి ఎంత వేసేదాన్ని?"

"సున్నా అండి."

"అదే" అని లోపలికెళ్లిపోయారు.

మరదలు తలుపు పట్టుకుని నిలబడింది. మనిషి పాలిపోయి ఉంది. అంతా వినే ఉంటుంది. "బావగారూ, పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నారా?" అంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

13, శుక్రవారం

పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. అన్నీ మళ్లీ విప్పాను. ఉబ్బిన కప్పులు సిలిండర్లలోంచి రాలేదు, పుల్లతో పొడిచి తీయాల్సి వచ్చింది. ఒకదానికి అంచు చిరగడం మొదలైంది. ఇంకో మిల్లీమీటరు చిరిగితే ఆయిలు కారిపోయేది. అది తమ్ముడి చేతిలో పెట్టాను. దాచలేదు. వాడు వెలుతురుకు ఎత్తి చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇనప గొట్టాల్లో స్పిరిటు పోసి మూడుసార్లు కడిగాం. కొత్త గొట్టాలు, కొత్త కప్పులు. డబ్బా సీలు వాడి ముందే తీశాను. నేను అడక్కుండానే వాడు గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఒక చుక్క వేశాను. కలిసిపోయింది. ఇద్దరం వంగి చూశాం.

గొట్టాల్లోంచి గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల పెడల్ మీద, ఒకరు చక్రం దగ్గర. వాడు లోపల కూర్చున్నాడు, నేను కింద పడుకున్నాను.

"తొక్కు."

"తొక్కాను."

"పట్టు."

"పట్టాను."

"వదులు."

మధ్యాహ్నం దాకా మా మధ్య నడిచిన మాటలు ఇవే. నాలుగు చక్రాలు, చక్రానికి పాతికసార్లు. మూడేళ్లలో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

14, శనివారం

టీచరమ్మ, మరదలు బస్సులో దిగారు. ఆ మాట తమ్ముడే అన్నాడు. నా వైపు చూడకుండా, బానెట్ తుడుస్తూ, "మీరిద్దరూ బస్సెక్కండి. బండి మేం తెస్తాం" అన్నాడు. టీచరమ్మ "నేనూ అదే అనబోతున్నాను" అని మొహమాటం లేకుండా సంచి తీసుకున్నారు. నేను మరదలి పెట్టె బస్సుదాకా మోశాను. ఎవరికీ కోపం రావాల్సిన పని లేదు. నేనైనా అలాగే చేస్తాను. అయినా బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

వాడు నడిపాడు. నేను పక్కన కూర్చున్నాను. మొదటి మలుపులో ఎడంపక్క రాళ్లూ గాలీ తప్ప ఏమీ కనిపించలేదు. వాడు బ్రేకు తొక్కాడు, బండి నెమ్మదించింది. కాలు తీశాడు, వదిలింది. రెండో మలుపు. మూడోది. నలభై ఎనిమిదేళ్ల వయసులో, నేను చేసిన బండిలో, కొండ మీంచి దిగుతూ కూర్చోవడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ బండి చేసి, గేటు దాకా సాగనంపి, చెయ్యి దులుపుకునేవాణ్ణి.

సగం దిగాక రోడ్డు కాస్త చదునుగా ఉన్నచోట ఆపాడు. దిగి, నాలుగు చక్రాల దగ్గరా వంగి, ఒక్కో డ్రమ్ము మీదా అరచెయ్యి ఆనించాడు. లేచి ప్యాంటుకు చెయ్యి తుడుచుకున్నాడు.

"గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగూ ఒకేలా ఉన్నాయి" అన్నాడు.

నేనూ దిగి చూశాను. నిజమే.

వాడు ఫోన్ తీశాడు. "మా ఆవిడని కొండ కింద స్టాపులో దిగిపోమంటాను. బస్సు కుదుపులకి దానికి వాంతులు. అక్కణ్ణుంచి మనతోనే వస్తుంది."

ఆ మాట కోసమే నిన్నటినుంచీ కాచుకుని ఉన్నాను. వచ్చింది. ఊ అంటే చాలు.

"వద్దురా" అన్నాను.

"ఏం? బాగానే పట్టుకుంటున్నాయిగా."

"పట్టుకుంటున్నాయి. అయినా వద్దు. ఇంటిదాకా ఇలాగే పోదాం. రేపు మళ్లీ నాలుగూ విప్పుదాం. ఈసారి నేను ముట్టుకోను, నువ్వు విప్పి చూడు. కప్పులు నువ్వే కొలువు. నువ్వు సరే అన్నాక ఎక్కుతుంది."

వాడు నా మొహంలోకి చూశాడు. వెక్కిరింత ఏమైనా ఉందేమోనని చూశాడో, ఇంకేమైనా దాస్తున్నానేమోనని చూశాడో. చూడాల్సిందే. ఆ హక్కు వాడికుంది.

"ఏదన్నా తప్పు కనిపిస్తే?" అన్నాడు.

"వెంటనే చెప్పు. ఎవరి ముందైనా సరే."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సరే, దాన్ని బస్సులోనే రానీ. ఎక్కన్నయ్యా" అన్నాడు.

ఎక్కాను. ఇంకా పద్నాలుగు మలుపులున్నాయి. వాడు బ్రేకు తొక్కినప్పుడల్లా పక్క సీట్లో నా కాలు కూడా నేలను తొక్కుతూనే ఉంది.